మిషిగన్ చేతిలో ఓడిన ఓహయో స్టేట్ 2024 సీజన్ ఛాంపియన్ ఎలా అయింది?

కొలంబస్_కొత్త

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆట రూల్స్ వరకు తెలుసు. నాలుగు డౌన్లు, పది యార్డులు, టచ్‌డౌన్‌కి ఆరు, ఆ పైన కిక్‌కి ఒకటి. అర్థం కానిది 2024 సీజన్ లెక్క. ఓహయో స్టేట్ లీగ్ దశలో 10 గెలిచి 2 ఓడింది. అక్టోబర్ 12న ఆరెగన్‌లో 32-31. నవంబర్ 30న సొంత గడ్డ మీద మిషిగన్ చేతిలో 13-10. ఆ మిషిగన్ ఏమో అప్పటికి 6-5తో ఈడుస్తున్న జట్టు. తన సొంత కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) బిగ్ టెన్ ఫైనల్‌కి కూడా వెళ్ళని జట్టు జాతీయ ఛాంపియన్ ఎలా అయింది?

రెండోది, డిసెంబర్ 21న ప్లేఆఫ్ తొలి రౌండ్‌లో టెనసీ మీద 42-17తో గెలుపు. మిషిగన్ మ్యాచ్ అయిన మూడు వారాలకే ఇది. ఈ మధ్యలో ఏం మారింది? ఎవర్ని అడిగినా "కసి పెరిగింది" అంటున్నారు. కసి సంగతి సరే, మైదానంలో ఏం మారిందో చెప్పండి.

నాలుగో_డౌన్

మొదటి ప్రశ్నకి ఐపీఎల్ నుంచే జవాబు చెప్పొచ్చు. 2016లో సన్‌రైజర్స్ లీగ్‌లో మూడో స్థానం. ఎలిమినేటర్, క్వాలిఫయర్ 2, ఫైనల్, మూడూ వరసగా గెలిచి కప్పు తెచ్చింది. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ నాలుగు గెలవాలి.

2024లోనే ప్లేఆఫ్‌ని 4 జట్ల నుంచి 12కి పెంచారు. ర్యాంకుల్లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి నేరుగా చోటు, మిగతా ఏడింటిని ప్లేఆఫ్ కమిటీ ర్యాంకు ప్రకారం తీసుకున్నారు. పాత పద్ధతే ఉండి ఉంటే ఓహయో స్టేట్ సీజన్ మిషిగన్ దగ్గరే ముగిసేది. బిగ్ టెన్‌లో అప్పటికి 18 జట్లు, డివిజన్లు ఎత్తేశారు, పైనున్న ఇద్దరికే ఫైనల్. ఆ ఓటమితో ఆ చోటు పెన్ స్టేట్‌కి పోయింది.

మెలిక సీడింగ్‌లో (ప్లేఆఫ్‌లో ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే వరస) ఉంది. మొదటి నాలుగు సీడ్లు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకే అని రాసుకున్నారు: ఆరెగన్, జార్జియా, బోయ్‌సీ స్టేట్, ఆరిజోనా స్టేట్. దాంతో కమిటీ ర్యాంకుల్లో 6వ స్థానంలో ఉన్న ఓహయో స్టేట్ 8వ సీడ్‌కి జారింది. అంటే తొలి రౌండ్ దాటితే క్వార్టర్ ఫైనల్‌లోనే నంబర్ వన్ ఆరెగన్. ఇది ఓహయోకి శిక్షలా కనిపిస్తుంది గానీ, నన్నడిగితే అసలు దెబ్బ పడింది ఆరెగన్‌కి. ఒక్క ఓటమీ లేకుండా 13-0తో వచ్చిన జట్టుకి మొదటి మ్యాచ్‌లోనే అలాంటి ప్రత్యర్థి! పైగా డిసెంబర్ 7 తర్వాత జనవరి 1 దాకా ఆటే లేదు. బై దొరికిన (తొలి రౌండ్ ఆడక్కర్లేని) ఆ నాలుగు జట్లూ ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఓడాయి. 2025 నుంచి సీడింగ్‌ని నేరుగా ర్యాంకు ప్రకారం చేసేశారు.

లైన్_చూడండి

రెండో ప్రశ్నకి జవాబు కావాలంటే బంతిని వదిలేసి ముందున్న ఐదుగురిని చూడాలి.

ఒఫెన్సివ్ లైన్‌లో లెఫ్ట్ టాకిల్ చాలా ముఖ్యం. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ విసరబోయేటప్పుడు ఎడమ వైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు, ఆ వైపు కాపలా ఇతనిదే. ఆ చోట ఆడే జాష్ సిమన్స్ అక్టోబర్‌లో ఆరెగన్ మ్యాచ్‌లో మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. తర్వాతి మ్యాచ్ నెబ్రాస్కా. 21-17తో గట్టెక్కారు, మొత్తం రన్నింగ్ 64 యార్డులు. పెన్ స్టేట్ మ్యాచ్‌కి లెఫ్ట్ గార్డ్ (టాకిల్ పక్కన లోపలి వైపు ఆడేవాడు) డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపి, గార్డ్‌లో కార్సన్ హింజ్‌మన్‌ని దింపారు. అది కుదిరింది, 20-13. అక్కడ ఆఖరి ఐదు నిమిషాలకు పైగా బంతిని ప్రత్యర్థికి ఇవ్వకుండా పరుగులతోనే గడియారం అయిపోగొట్టారు. అంతలో నవంబర్‌లో ప్రాక్టీసులో లైన్ నడిమధ్యన ఆడే సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్‌కి మడమ దగ్గరి అకిలీస్ స్నాయువు తెగింది. హింజ్‌మన్ సెంటర్‌కి, గార్డ్‌లోకి ఇంకొకరు. అంటే మిషిగన్ ముందుకి వెళ్ళేసరికి లైన్ మధ్య భాగం అతుకులబొంత.

మిషిగన్ బలం సరిగ్గా అక్కడే. మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు భారీ డిఫెన్సివ్ టాకిల్స్ (డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడేవాళ్ళు), ఇద్దరూ ఆ తర్వాతి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే చోట) మొదటి రౌండ్‌లోనే పోయారు. ఓహయో స్టేట్ వాళ్ళ మధ్యలోకే పదే పదే పరుగెత్తింది: 26 సార్లు పరుగెత్తి 77 యార్డులు. రెండో సగంలో సున్నా పాయింట్లు. బయట జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్‌బుకా లాంటి రిసీవర్లని (పాసులు పట్టేవాళ్ళని) పెట్టుకుని ఈ మొండితనం ఏమిటో!

టెనసీ మీద వరస తిప్పారు. ముందు దూరం పాసులు, తర్వాత పరుగు. మొదటి డ్రైవ్‌లోనే స్మిత్‌కి 37 యార్డుల టచ్‌డౌన్, తొలి క్వార్టర్ ముగిసేసరికి 21-0. దీని వెనక లెక్క చిన్నదే. ఐదుగురు లైన్‌మెన్, ఒక టైట్ ఎండ్ కలిసి ఆరుగురిని ఆపగలరు. ఎదురుగా ఎనిమిది మంది గుమిగూడితే ఇద్దరు ఖాళీగా మిగులుతారు, పరుగు అక్కడే చచ్చిపోతుంది. లోతుగా రెండు పాసులు పడ్డాక సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాళ్ళు) భయపడి వెనక్కి జరుగుతారు, ఎనిమిది కాస్తా ఆరు అవుతుంది. లైన్‌లో మనుషులు వాళ్ళే, లెక్క మారింది.

గోల్‌లైన్_గోపి

లైన్ గారు చెప్పింది నిజమేగానీ సగమే. మిషిగన్‌కి ఇచ్చింది 13 పాయింట్లు, అందులో వాళ్ళ ఒక్క టచ్‌డౌన్ కూడా ఇంటర్‌సెప్షన్‌ని (ఓహయో పాస్‌ని మధ్యలో పట్టేసిన బంతిని) రెండు యార్డుల గీత దాకా తెచ్చుకున్నాక వచ్చిందే. డిఫెన్స్ ఆ రోజూ బాగానే ఆడింది. ఓహయోకి 40 యార్డుల లోపు రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాయి, వాటిలో ఒక్కటి పడినా 45 సెకన్లు మిగిలుండగా మిషిగన్ కొట్టిన 21 యార్డుల కిక్‌తో ఆట ముగిసేది కాదు.

డిఫెన్స్ మార్పు చూడాలంటే ఆరెగన్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టండి. అక్టోబర్‌లో ఒక్క శాక్ (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) లేదు, ఆరెగన్‌కి 496 యార్డులు. జనవరి 1న రోజ్ బౌల్‌లో, అంటే ఆ క్వార్టర్ ఫైనల్‌లో, 8 శాక్‌లు, స్కోరు ఒక దశలో 34-0, చివరికి 41-21. ఆరెగన్ రన్నింగ్ మైనస్ 23 యార్డులు! మైనస్ ఏమిటని కంగారు పడొద్దు. కాలేజీ లెక్కల్లో శాక్‌లో పోయిన దూరాన్ని రన్నింగ్ ఖాతాలోంచే తీసేస్తారు.

టెక్సస్‌తో సెమీ ఫైనల్ ఇంకా మంచి పాఠం. ఓహయో 21-14తో ముందుండగా టెక్సస్‌కి గోల్ గీతకి ఒక యార్డు దూరంలో ఫస్ట్ డౌన్. మొదటి పరుగు ఆగిపోయింది. రెండో డౌన్‌లో బంతిని పక్కకి టాస్ చేశారు. గీత దగ్గర ఇది ప్రమాదం, ఎందుకంటే బంతి అందుకునేవాడు ఐదారు యార్డులు వెనక ఉంటాడు. ఒక్కడు బ్లాక్ తప్పించుకున్నా పోయేది గజం కాదు, ఏడు. ఏడే పోయాయి. ఇక ఎనిమిది యార్డుల నుంచి పాస్ తప్ప గతిలేదు, పరుగు భయం లేని డిఫెన్సివ్ ఎండ్ నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదకి వస్తాడు. నాలుగో డౌన్‌లో జాక్ సాయర్ బంతిని రాలగొట్టి, తనే పట్టుకుని 83 యార్డులు పరుగెత్తాడు. 28-14.

పర్సు_పెద్దది

డబ్బు మాట ఎవరూ ఎత్తరేం? ఈ జట్టు ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లని వర్సిటీ అథ్లెటిక్ డైరెక్టరే చెప్పాడు. క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ జడ్కిన్స్ ఓల్ మిస్ నుంచి, సేఫ్టీ కేలెబ్ డౌన్స్ అలబామా నుంచి వచ్చారు. వీళ్ళకంటే విలువైనది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళగలిగి కూడా ఆగిపోయిన సీనియర్లు: సాయర్, టుయిమొలావ్, ఎగ్‌బుకా, హెండర్సన్, జాక్సన్. 2025 డ్రాఫ్ట్‌లో ఈ జట్టు నుంచి 14 మంది వెళ్ళారు. గార్డ్‌ని టాకిల్‌కి జరిపితే పనిచేసింది కూడా అతను జాక్సన్ కాబట్టే, మొదటి రౌండ్ ఆటగాడు.

కొలంబస్_కొత్త

అందరికీ థాంక్స్. ఫైనల్‌లో నోటర్ డామ్ మీద 31-7 నుంచి 31-23 దాకా వచ్చింది కదా, అక్కడ మళ్ళీ పరుగులతో కాలం గడపకుండా పాస్ వేయడం తెగింపా? ఇంకోటి, అక్టోబర్‌లో ఆరెగన్ 12 మందిని దింపి గెలిచిందంటారు, నిజమేనా?

నాలుగో_డౌన్

తెగింపు కాదండీ, సరైన లెక్క. థర్డ్ డౌన్, ఇంకా 11 యార్డులు కావాలి. పరుగెత్తి ఆగిపోతే పంట్ చేసి (బంతిని దూరంగా తన్ని), ఎనిమిది పాయింట్లే వెనకున్న జట్టుకి బంతి అప్పగించడమే. స్మిత్ మీద ఒక్కడే కాపలా ఉన్నాడు, 56 యార్డుల పాస్ పడింది, తర్వాత ఫీల్డ్ గోల్, 34-23. మిషిగన్ రోజు చేయని పని ఇదే.

12 మంది సంగతి నిజమే. 10 సెకన్లు మిగిలుండగా, ఓహయో స్టేట్ థర్డ్ అండ్ 25లో (మూడో డౌన్, ఇంకా 25 యార్డులు కావాలి) ఉండగా ఆరెగన్ అదనంగా ఒకడిని ఉంచింది. పాస్ పడలేదు. శిక్ష ఐదు యార్డులే, పోయిన నాలుగు సెకన్లు మాత్రం వెనక్కి రాలేదు. ఆ తర్వాత హవర్డ్ 12 యార్డులు పరుగెత్తి 26 యార్డుల గీత దగ్గర జారి కూర్చునేసరికి గడియారం సున్నా. కొన్ని సెకన్లు మిగిలుంటే అక్కడి నుంచి 43 యార్డుల కిక్ ప్రయత్నించేవాళ్ళు. వెంటనే కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ సర్దుబాటు చేసింది: ఏ సగంలోనైనా ఆఖరి రెండు నిమిషాల్లో 12 మందితో ఆడితే, ఒఫెన్స్ కోరుకుంటే స్నాప్ (బంతి అందించి ఆట మొదలైన క్షణం) నాటి సమయానికి గడియారం వెనక్కి తిప్పుతారు. పన్నెండోవాడు బయటికి పరుగెత్తుతూ ఉండి ఆటలో పాలుపంచుకోకపోతే మాత్రం ఐదు యార్డులతోనే సరి.