పిల్లల సృజనకు ఆరుబయలు ఆట అవసరమా? బడిలో మట్టినేల ఉంచాలా, తీసేయాలా?

కర్నూలు నుండి ఒక తల్లి:
మా అబ్బాయి రెండో తరగతి చదివే బడిలో వేపచెట్టు కింది మట్టినేలను చదును చేసి, సిమెంటు పలకలు పరచి, ప్లాస్టిక్ జారుడుబల్ల పెట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. సమావేశంలో చాలామంది సంతోషించారు. మట్టిలో ఆడుకుంటేనే పిల్లల ఊహ పెరుగుతుందని నేను అన్నాను. దానికి వారు, ఊహ కోసం వారానికి రెండు చిత్రలేఖనం తరగతులు పెడుతున్నాం కదా అని అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. మీరేమంటారు?

కడప పాఠకుడు:
అమ్మా, యాజమాన్యానిది తప్పని నేను అనలేను. మన సీమలో మార్చి వచ్చేసరికే మధ్యాహ్నం నేల కాలుతుంది, రాయి కదిపితే తేలు కనిపిస్తుంది. పైగా సృజన గురించి చెప్పే మాటలకు ఆధారం ఎంత ఉందో చూడాలి. 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనాన్ని చాలామంది ఉదాహరిస్తారు. అడవుల్లో కాలినడకన తిరుగుతూ నాలుగో రోజు సృజనను కొలిచే పరీక్ష రాసినవారు, బయలుదేరక ముందే రాసినవారికంటే సుమారు 50 శాతం మెరుగైన ఫలితం చూపారని అందులో ఉంది. అయితే వారు 56 మంది పెద్దలు, పిల్లలు కారు. ఆ రోజుల్లో వారి దగ్గర ఫోన్లు కూడా లేవు కాబట్టి, మేలు చేసింది చెట్లా, ఫోను లేకపోవడమా అన్నది తేలలేదు. మా నాన్నగారి తరం వేరుశనగ చేలలోనే పెరిగింది, అందులో ఎక్కువ భాగం కలుపు తీయడమే తప్ప ఆట కాదు. ఆరుబయట ఉన్నంత మాత్రాన ఊహ పెరుగుతుందని ఎలా నమ్మాలి?

అనంతపురం ఉపాధ్యాయిని:
కడప మిత్రులు ఆ అధ్యయనం గురించి చెప్పింది నిజమే, పనిని ఆట అనకూడదన్నదీ నిజమే. అయినా మట్టినేల ఉండాలనే నా వాదన, ఎందుకంటే ఇక్కడ అసలు విషయం పచ్చదనం కాదు. బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు: ఒక చోట పిల్లలు కదిపి, విరిచి, కలిపి, మార్చుకోగల వస్తువులు ఎన్ని రకాలుగా ఉంటే అక్కడ వారి కల్పనకు అంత చోటు ఉంటుంది. ఇది కొలిచి తేల్చిన లెక్క కాదని నాకు తెలుసు, కానీ నా కళ్లతో చూసినది దీనికి సరిపోయింది.

నిరుడు సంక్రాంతి దాటాక రెండు మోపుల జొన్నదంట్లు తెప్పించి చెట్టు నీడన వేయించాను, ఏం చేయాలో ఎవరికీ చెప్పలేదు. మొదటి రెండు రోజులు అవి కత్తులై విరిగిపోయాయి. మూడో రోజు మూడో తరగతి పాప ఒకతె దంటు పైపేడును గోటితో చీల్చి, లోపలి తెల్లని బెండును రెండు బిళ్లలుగా తుంచి, పేడునే ఇరుసుగా గుచ్చింది. బెండు పేడును బిగించి పట్టుకోవడంతో చక్రం తిరగలేదు. పుల్లతో రంధ్రం పెద్దది చేస్తే చక్రం జారిపోయింది. కొంతసేపు దాన్ని చేతిలో తిప్పి చూసి, ఇరుసు చివర చిన్న బెండుముక్కను శీలలా అడ్డం గుచ్చగానే బండి కదిలింది. మన తాతలందరూ చేసిన బండే అది, కానీ ఆ పాపకు ఎవరూ నేర్పలేదు.

జారుడుబల్ల మీద ఎక్కి జారడం తప్ప పిల్లవాడు మార్చగలిగింది ఏముంది? చిత్రలేఖనం తరగతి అవసరమే, నేనూ చెబుతాను. అయితే అక్కడ తప్పు గీత కాగితం మీద అలాగే ఉండిపోతుంది, దంటు మాత్రం అది తప్పని వెంటనే చూపించి మరో ముక్క అందిస్తుంది. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1840లో తన శిశువిద్యాలయానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టినప్పుడు అక్కడ పిల్లలు పెంచే మొక్కల మళ్లు కూడా ఉండేవి. మన 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెబుతున్నా, దాని మీద సిమెంటు పరచాలని ఎక్కడా చెప్పలేదు.

తేళ్ల భయం ఉన్నదే. రాళ్లను గుట్టగా పేర్చకుండా రోజూ ఉదయం ఆయా ఒకసారి కర్రతో కదిపి చూస్తుంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పీకించాం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఎండాకాలంలో ఆట ఎనిమిదిన్నరలోపే ముగుస్తుంది. దంటు పేడు వేళ్లు కోస్తుంది, రెండుసార్లు కోసింది కూడా, గుడ్డ కట్టి మళ్లీ పంపించాను.

కడప పాఠకుడు:
మీరు చెప్పినదాన్ని బట్టి సమస్య నేలలో కంటే పెద్దల ఓపికలో ఉందనిపిస్తోంది. ఆ రెండు రోజులు మీరు కలగజేసుకోకుండా ఉన్నారు. నలభై మంది పిల్లలకు ఒక్కరే ఉండే బడిలో అది సాధ్యమా అన్న సందేహం నాకు ఇంకా తీరలేదు. జొన్నదంట్ల విషయంలో మాత్రం ఒప్పుకుంటున్నాను, వాటికి డబ్బు కూడా కాదు.

కర్నూలు నుండి ఒక తల్లి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జారుడుబల్ల వద్దని నేను పట్టుబట్టను, అది పిల్లలకు ఇష్టం. వేపచెట్టు చుట్టూ పది అడుగులు మాత్రం పలకలు పరచవద్దని, ఉదయం ఆ నేలను చూసే పని వారానికొక తల్లిదండ్రుల జంట తీసుకుంటుందని రాసి ఇస్తాను. మొదటి వారం మాది. నంద్యాల దారిలో మా అన్నయ్య చేను ఉంది, కోత అయ్యాక రెండు మోపులు పంపమని ఈ రోజే ఫోను చేశాను.