మ్యూనిక్ డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ రావడం లేదు, అర్జెంట్

భవానీనగర్ బాబు: మధ్యాహ్నం నుంచి దీంతోనే కూర్చున్నా, తల వాచిపోయింది. రేపు సాయంత్రం తిరుపతిలో మా హాస్టల్లో మ్యూనిక్ ఒలింపిక్స్ దాడి మీద సినిమా వేస్తున్నాం. ఇంగ్లిష్ అర్థంకాక జూనియర్లు మధ్యలో లేచిపోతారని తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాసుకున్నాం. తీరా వేస్తే రావడం లేదు. ఫైల్ పేరు మార్చి కూడా చూశా. ఎవరన్నా చెప్పండన్నా, టెన్షన్‌గా ఉంది.

కొర్లగుంట కిరణ్: రావడం లేదంటే? ఖాళీనా, డబ్బాలా, ప్రశ్నార్థకాలా?

చిత్తూరు మాస్టారు: ఏ సినిమా నాయనా? స్పీల్‌బర్గ్ 2005లో తీసినదైతే అది దాడి తర్వాతి ప్రతీకారం కథ. డాక్యుమెంటరీ కాదు.

భవానీనగర్ బాబు: అది కాదు సార్. ‘వన్ డే ఇన్ సెప్టెంబర్’, ఆస్కార్ వచ్చిందే. కిరణన్నా, డబ్బాలు.

చిత్తూరు మాస్టారు: అయితే మంచిదే ఎంచుకున్నారు. పిల్లలకు ముందే నాలుగు ముక్కలు చెప్పండి. 1972 సెప్టెంబర్ 5న పోలీసులు ట్రాక్‌సూట్లు వేసుకుని, ఇజ్రాయెల్ జట్టువాళ్లను బందీలుగా పట్టుకున్న బిల్డింగ్ పైకెక్కారు. టీవీ వాళ్లు దాన్ని లైవ్‌లో చూపిస్తుంటే, లోపలున్న బ్లాక్ సెప్టెంబర్ అనే పాలస్తీనా ముఠా గదిలో టీవీ పెట్టుకుని చూసింది! ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. రాత్రి ఫ్యూర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ విమానాశ్రయంలో మరీ ఘోరం. దాడి చేసినవాళ్లు ఎనిమిదిమంది, గురిపెట్టిన పోలీసులు ఐదుగురే. వాళ్లకు వైర్‌లెస్ సెట్లు కూడా లేవు. బందీలు క్షేమమని ముందు వార్త వచ్చింది. తెల్లారేసరికి ఆ తొమ్మిదిమందీ లేరు. అంతకుముందే బిల్డింగ్‌లో చంపేసిన ఇద్దరితో కలిపి మొత్తం పదకొండుమంది. జర్మనీ జీఎస్‌జీ 9 అనే ఉగ్రవాద నిరోధక పోలీసు దళం పెట్టుకున్నది ఆ దెబ్బతోనే.

కొర్లగుంట కిరణ్: మాస్టారూ, ముందు డబ్బాల సంగతి చూద్దాం. బాబూ, ల్యాప్‌టాప్‌లోనా, టీవీలోనా?

పలమనేరు పద్మ: తమ్ముడూ, సబ్‌టైటిల్స్‌లో ‘11 మంది క్రీడాకారులు’ అని రాసుంటే మార్చు. చనిపోయినవాళ్లలో ఆటగాళ్లు ఐదుగురే, మిగతావాళ్లు కోచ్‌లు, రెఫరీలు.

చిత్తూరు మాస్టారు: కోచ్ క్రీడాకారుడు కాదామ్మా?

పలమనేరు పద్మ: ఆ రోజు పోటీలో లేడు కదా సార్. ‘జట్టు సభ్యులు’ అంటే గొడవే ఉండదు.

పీలేరు ప్రసాద్: పదిమందికి వేయాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. తీసుకున్నారా?

భవానీనగర్ బాబు: టీవీలోనే అన్నా. హాస్టల్ టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాం. ల్యాప్‌టాప్‌లో తెలుగు బాగానే వస్తోంది.

కొర్లగుంట కిరణ్: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ఆ టీవీలో తెలుగు ఫాంట్ లేదు. ఫైల్ పేరు ఎన్నిసార్లు మార్చినా అంతే. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ పెట్టి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలుపు. కేబుల్ దొరక్కపోతే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘బర్న్ ఇన్’ టిక్ పెట్టి అక్షరాలను వీడియోలోనే కలిపెయ్. దానికి టైమ్ పడుతుంది, ఈ రాత్రికే పెట్టి పడుకో.

భవానీనగర్ బాబు: కేబుల్‌తో వచ్చింది! కానీ ఇంకోటుంది. మొదట్లో సరిగ్గానే ఉంది, పోనుపోను మాటకంటే అక్షరాలు ముందే వచ్చేస్తున్నాయి.

కొర్లగుంట కిరణ్: సబ్‌టైటిల్స్ టైమింగ్ సెకనుకు 25 ఫ్రేములది, వీడియో 23.976ది అయ్యుంటుంది. గంటకు రెండున్నర నిమిషాలు తేడా వస్తుంది. వీఎల్‌సీలో జీ, హెచ్ నొక్కితే ఆ కాసేపే సర్దుకుంటుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చి సేవ్ చెయ్. తెలుగు అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే.

పలమనేరు పద్మ: పనయ్యాక ఆ తెలుగు ఫైల్ ఇక్కడ పెట్టు తమ్ముడూ.

పీలేరు ప్రసాద్: అనుమతి సంగతి ఎవరూ చెప్పలేదు.

భవానీనగర్ బాబు: సెట్టయింది, థాంక్సన్నా. మెస్ టైమ్ అయిపోతోంది, పోతున్నా.