ఫైల్ కళ్ల ముందే ఉంది, సీమేక్ మాత్రం లేదంటోంది

బెల్లందూరు_బ్యాచిలర్:
అన్నలూ, రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా. నా కోడ్‌ని బిల్డ్ చేయడానికి, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి, సీమేక్ అనే టూల్ వాడుతున్నా. ఒక ఓపెన్ సోర్స్ ఇమేజ్ లైబ్రరీని నా ప్రాజెక్టులో థర్డ్‌పార్టీ ఫోల్డర్ కింద పెట్టుకుని దాన్నీ కలిపి బిల్డ్ చేయమని యాడ్ సబ్‌డైరెక్టరీ లైన్ రాశా. లైబ్రరీని విడిగా బిల్డ్ చేస్తే చక్కగా అవుతుంది, నా ప్రాజెక్టులోంచి చేస్తే మాత్రం 'వెర్షన్ డాట్ సీమేక్' దొరకలేదని ఆగిపోతోంది. వెళ్లి చూస్తే ఫైల్ అక్కడే ఉంది! పైగా మొత్తం పాత లాప్‌టాప్ నుంచి కాపీ చేసుకున్నా, ఆ పాత పాత్‌లు (ఫైల్ చిరునామాలు) చూపిస్తూ ఇంకో ఎర్రర్. బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కూడా ఇంతసేపు ఇరుక్కోలేదు.

పెసరట్టు_404:
ముందు బిల్డ్ ఫోల్డర్ లేపేయ్. సీమేక్ తన క్యాష్ ఫైల్‌లో పాత్‌లన్నీ పూర్తిగా రాసిపెట్టుకుంటుంది, ఫోల్డర్ మారిస్తే ఒప్పుకోదు. పాత క్యాష్ వదిలేసి మొదటి నుంచి మొదలుపెట్టడానికి సీమేక్ 3.24 వెర్షన్ నుంచి 'ఫ్రెష్' ఆప్షన్ కూడా ఉంది. అసలు బిల్డ్ ఫోల్డర్‌ని కాపీ చేయడం ఎందుకు బ్రో?

బెల్లందూరు_బ్యాచిలర్:
తెలీక 🙏 లేపేశా. పాత పాత్‌ల గొడవ పోయింది, వెర్షన్ ఫైల్‌ది అలాగే ఉంది.

వేళచ్చేరి_వాసి:
ఫైల్ ఉందో లేదో కాదు, ఎక్కడ వెతుకుతోందో చూడు తమ్ముడూ. ఎర్రర్‌లోని పాత్‌ని మొత్తం చదువు, మధ్యలో థర్డ్‌పార్టీ అన్న ముక్క ఉందా?

బెల్లందూరు_బ్యాచిలర్:
ఓరి దేవుడా, లేదు! నేరుగా నా ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే వెతుకుతోంది.

వేళచ్చేరి_వాసి:
అనుకున్నా. ఆ లైబ్రరీలో సీమేక్‌కి సూచనలు రాసే సీమేక్‌లిస్ట్స్ ఫైల్‌లో 'సీమేక్_సోర్స్_డిర్' అని ఉంటుంది చూడు. అదెప్పుడూ అన్నిటికన్నా పైనున్న ప్రాజెక్టు ఫోల్డర్‌నే చూపిస్తుంది. విడిగా బిల్డ్ చేసినప్పుడు పైనున్నది ఆ లైబ్రరీయే కాబట్టి సరిపోయింది, ఇప్పుడు పైన ఉన్నది నువ్వు. దాని బదులు 'ప్రాజెక్ట్_సోర్స్_డిర్' పెట్టు, లైబ్రరీకి సొంతంగా ప్రాజెక్ట్ లైన్ ఉంటే దాని ఫోల్డరే వస్తుంది. కొందరు 'సీమేక్_కరెంట్_సోర్స్_డిర్' పెట్టమంటారు, అదీ నడుస్తుంది గానీ లోపలి సబ్ ఫోల్డర్ల సీమేక్‌లిస్ట్స్‌లో రాస్తే ఆ సబ్ ఫోల్డర్‌నే చూపిస్తుంది, మళ్లీ మొదటికొస్తావ్. నా దగ్గర సరిచేసుకున్నా కదా అని ఊరుకోకుండా లైబ్రరీ అసలు ప్రాజెక్టుకి ఈ సవరణని ప్యాచ్‌గా పంపు, లేదంటే ప్రతి అప్‌డేట్‌కీ ఇదే పని.

ఇడ్లీ_కంపైలర్:
దీనికి సంబంధం లేదు గానీ చెప్తున్నా, ఫోల్డర్ పేర్లలో స్పేస్ కూడా పెట్టకండి. 'నా ప్రాజెక్ట్' అని పెట్టి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నా, మేక్ అనే బిల్డ్ టూల్ దాన్ని రెండు పేర్లుగా చదివేసింది.

బెల్లందూరు_బ్యాచిలర్:
అయిపోయింది!! మూడు చోట్ల ఒక్క పదం మార్చా, విడిగానూ నా ప్రాజెక్టులోంచీ రెండు రకాలుగానూ బిల్డ్ అయింది. ఈ మార్పు కలుపుకోమని లైబ్రరీ వాళ్లకి పుల్ రిక్వెస్ట్ రాస్తున్నా. టెస్టుల ఫోల్డర్‌లో కూడా అదే ఉంది, నేనైతే టెస్టులు నడపట్లేదు, అదీ మార్చేయనా?

వేళచ్చేరి_వాసి:
మార్చేయ్. రెండు రకాలుగా బిల్డ్ చేసి చూశానని కూడా అందులో రాయి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.