వాడే డిజైన్ టూల్‌ని పెద్ద కంపెనీ కొనేసింది: ఉండాలా, బయటపడాలా?

సుజాత_యూఐ
మా టీమ్‌లో ఆరుగురం. నాలుగేళ్ళుగా అన్నం పెడుతున్న టూల్‌ని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొన్నట్టు పోయిన వారం మెయిల్ వచ్చింది. మొదటి లైన్‌లోనే "మీకు ఏమీ మారదు" అని రాశారు. అది చదివాకే నాకు భయం పట్టుకుంది. రెన్యువల్‌కి రెండు నెలలుంది. ఏడాదికి కట్టెయ్యాలా, నెలనెలా కడుతూ చూడాలా? క్లయింట్లకి ఇచ్చిన ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) లింకులు ఏమవుతాయి? ఫైళ్ళన్నీ ఎస్‌వీజీగా (చాలా టూల్స్‌లో తెరుచుకునే బొమ్మ ఫార్మాట్) దించి పెట్టుకుంటే చాలనుకుంటున్నా. ఇలాంటిది దాటొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

నిద్రలేని_ఫ్రీలాన్సర్
నెలనెలా కట్టండి. నేను వాడిన ఒక టూల్ ఇలాగే చేతులు మారింది. మొదటి ఏడాది రేటు కూడా పెంచలేదు. రెండో ఏడు ఫ్రీ వ్యూయర్లని తీసేశారు, కామెంట్ పెట్టాలంటే క్లయింట్ కూడా సీటు (డబ్బు కట్టే అకౌంట్) కొనాలి. ఏ క్లయింట్ కొంటాడండీ? స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లోనే వేలితో ఎర్రగా సున్నా చుట్టి, "ఇది కొంచెం పక్కకి" అని వాట్సాప్‌లో పంపడం మొదలెట్టారు. ఆ సున్నా ఏ వెర్షన్ మీద చుట్టారో కనుక్కోవడానికే నాకు పూట పట్టేది. డబ్బు పోతే పోయింది, పని చేసే పద్ధతే పాడైపోయింది.

వెక్టర్_వీరుడు
ఈ రంగంలో నాకు 24 ఏళ్ళు. ఫ్రీహ్యాండ్ అనే డ్రాయింగ్ టూల్ కథ తెలియకుండా ఈ విషయం మాట్లాడలేం. 1994లో దాన్ని అమ్ముతున్న ఆల్డస్, అడోబీ కలిసినప్పుడు అడోబీ ఇల్లస్ట్రేటర్‌కి గట్టి పోటీ ఫ్రీహ్యాండే. రెండూ ఒకరి చేతిలో ఉండకూడదని అమెరికా పోటీ నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుబడితే, అది తయారుచేసిన ఆల్ట్‌సిస్‌కే తిరిగెళ్ళింది. మరుసటేడు ఆల్ట్‌సిస్‌ని మాక్రోమీడియా కొంది. 2005లో అడోబీ 340 కోట్ల డాలర్లకి మాక్రోమీడియానే కొనేసింది. పదకొండేళ్ళ కిందట గుమ్మం బయట ఆపిన టూల్ పెరటిదారిన లోపలికొచ్చింది. 2007లో ఇక కొత్త వెర్షన్ రాదన్నారు. మాక్రోమీడియాతో పాటే వచ్చిన ఫైర్‌వర్క్స్ టూల్‌కి 2013లో అదే గతి. ఒకే పని చేసే రెండు టూల్స్ ఒక యజమాని దగ్గరుంటే ఒకటి పోతుంది. ముందు కొన్నవాడి దగ్గర మీ టూల్‌కి పోటీ టూల్ ఉందో లేదో చూడండి. ఎస్‌వీజీ ఆలోచన మాత్రం భేష్, 2001 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణం అది. ఎవడూ మూసెయ్యలేడు.

కర్లీబ్రేస్
సుజాత గారూ, ఎస్‌వీజీ మాట నమ్మకండి. అందులో మిగిలేది బొమ్మ, మీ ఫైలు కాదు. నేను డెవలపర్‌ని, డిజైనర్లు దించిచ్చిన ఎస్‌వీజీలు రోజూ తెరుస్తాను. ఒక బటన్‌కి నాలుగు వేరియంట్లున్నాయనుకోండి, అది అరవై స్క్రీన్లలో ఉంది. టూల్‌లో అయితే అసలు కాంపోనెంట్‌లో (మిగతావన్నీ దాని నకళ్ళే) రంగు మారిస్తే అరవై చోట్లా మారుతుంది. ఎస్‌వీజీలో అవి అరవై విడి డబ్బాలు, దేనికి ఏది చుట్టమో ఎక్కడా రాసి ఉండదు. డబ్బాలు వాటంతటవే సర్దుకునే ఆటో లేఅవుట్ పోతుంది. ఎక్స్‌పోర్ట్‌లో టెక్స్ట్ అవుట్‌లైన్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే అక్షరాలు కూడా గీతలైపోతాయి.

వెక్టర్_వీరుడు
ఆ ఆప్షన్ ఆఫ్ చేసుకోవడం రానివాళ్ళ కోసం ప్రమాణాన్ని తిట్టక్కర్లేదు. పెన్‌పాట్ అనే ఓపెన్‌సోర్స్ డిజైన్ టూల్ మొత్తం ఎస్‌వీజీని నమ్ముకునే కట్టారు, తెలుసా?

కర్లీబ్రేస్
తెలుసు. పెన్‌పాట్‌లో కాంపోనెంట్ల సమాచారాన్ని పెన్‌పాటే దాచుకుంటుంది, ఎస్‌వీజీ కాదు. మీరు ప్రమాణం గురించి మాట్లాడుతున్నారు, ఆవిడ అడిగింది నాలుగేళ్ళ పని గురించి. 24 ఏళ్ళ అనుభవంతో ఒక టీమ్‌ని గోతిలో దించకండి.

వెక్టర్_వీరుడు
గోతిలో దించడమా? మీరు బడికెళ్ళే రోజుల్లో నేను ఫైళ్ళు ఒక టూల్ నుంచి ఇంకోదానికి మార్చాను. ఐకాన్లు, లోగోలు, బొమ్మలు అన్నీ ఈ రోజుకీ తెరుచుకుంటున్నాయి.

కర్లీబ్రేస్
ఐకాన్లు, లోగోలు! అవి తెరుచుకుంటాయి, కాదన్నదెవరు? కాంపోనెంట్లన్నీ కలిసిన డిజైన్ సిస్టమ్ తెరిచి చూపించండి.

గ్రిడ్_లత
ఇద్దరూ ఆగండి. కొన్న ప్రతిదీ చావదు. 2024 మార్చిలో అఫినిటీ డిజైన్ యాప్స్‌ని కాన్వా కంపెనీ కొన్నప్పుడు నేనూ కంగారుపడ్డాను. 2025 అక్టోబర్‌లో ఫోటో, డిజైనర్, పబ్లిషర్ మూడూ ఒకే యాప్‌గా, ఉచితంగా వచ్చాయి. ఆ వారమే ఒక పత్రిక లేఅవుట్, దాని బొమ్మలు, ఫోటోల దిద్దుబాటు అన్నీ కిటికీ మార్చకుండా పూర్తిచేశాను. ఇన్నేళ్ళలో నాకు అంత సుఖంగా పని జరిగిన వారం లేదు.

పెన్‌టూల్_ప్రసాద్
లత గారూ, మీ ఆనందాన్ని కాదనను. కానీ కొన్నప్పుడు ఇచ్చిన హామీ ఏంటి? ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా వాడుకునే లైసెన్స్ ఎప్పుడూ ఉంటుందని. ఇప్పుడు ఆ లైసెన్స్ అమ్మడమే మానేశారు. ఉచితమే, కానీ కాన్వా అకౌంట్ కావాలి, ఏఐ సౌకర్యాలకి సబ్‌స్క్రిప్షన్ కావాలి. డబ్బు కట్టినవాడు నిలదీసి అడగగలడు. ఉచితంగా తీసుకున్నవాడు ఏ మొహంతో అడుగుతాడు?

గ్రిడ్_లత
నేను వెర్షన్ 2 డబ్బు పెట్టే కొన్నాను, అది ఇప్పటికీ నడుస్తోంది. మీరు కొన్నారా?

పెన్‌టూల్_ప్రసాద్
కొన్నాను. అందుకే అడుగుతున్నా.

నిద్రలేని_ఫ్రీలాన్సర్
అసలు మందు రెగ్యులేటర్ల దగ్గరుంది. 2022 సెప్టెంబర్‌లో ఫిగ్మా అనే డిజైన్ టూల్ కంపెనీని అడోబీ 2000 కోట్ల డాలర్లకి కొంటానన్న రోజు నేను చేస్తున్న పని ఆపేసి కూర్చున్నాను. యూరోపియన్ కమిషన్, బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ రెండూ పోటీ దెబ్బతింటుందని అడ్డు చెప్పాయి. 2023 డిసెంబర్ 18న డీల్ వదులుకున్నారు, అడోబీ ఫిగ్మాకి 100 కోట్ల డాలర్లు ఎదురు కట్టింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

వెక్టర్_వీరుడు
మరి ఫిగ్మాకి పోటీగా ఉన్న అడోబీ సొంత టూల్ ఎక్స్‌డీ ఏమైంది? డీల్ ఆగినా అది మళ్ళీ లేవలేదు. పోటీ కాపాడామన్నారు, పోటీలో ఒకటి అప్పటికే మంచాన పడింది. ఫిగ్మా కూడా 2025 జులైలో స్టాక్ మార్కెట్‌కి వెళ్ళింది. ఇక షేర్‌హోల్డర్లు మూడు నెలలకోసారి లెక్క అడుగుతారు. కొనడానికి ఎవరూ రాకపోయినా రేట్లు పెరగొచ్చు.

కర్లీబ్రేస్
ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. అందుకే యజమాని ఎవరన్నది కాదు, ఫైలు తాళం ఎవరి దగ్గరుందన్నది చూడాలంటాను. స్కెచ్ అనే డిజైన్ టూల్ 2017లో వెర్షన్ 43తో ఫార్మాట్ మార్చింది. ఆ ఫైలు ఒక జిప్, విప్పితే లోపల జేసన్, అంటే మామూలు టెక్స్ట్‌గా రాసిన డేటా. ఏ లేయర్ ఎక్కడుందో, ఏ సింబల్ ఎవరిదో కళ్ళతో చదువుకోవచ్చు. నేను రాసిన చిన్న స్క్రిప్ట్ అందులోంచి రంగులన్నీ ఏరి ఇచ్చింది.

సుజాత_యూఐ
లింకుల సంగతి ఎవరూ చెప్పలేదు. సరే, మేం శనివారం కూర్చుని చూశాం, ఆ సంగతి రాస్తున్నా. మా చెకవుట్ ఫైలు ఒకటి ఎస్‌వీజీగా దించి వేరే టూల్‌లో తెరిచాం. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. "కొనండి" బటన్ మీద నొక్కి మాట మార్చబోతే "డి" గుడి మాత్రమే విడిగా చేతికొచ్చింది. కర్లీబ్రేస్ గారు చెప్పింది నిజం. ఆ ఆప్షన్ తీసేసి మళ్ళీ దించాం, వెక్టర్_వీరుడు గారూ, అక్షరాలు నిలిచాయి, కాంపోనెంట్లు నిలవలేదు.

నెలవారీకి మారాం. కాంపోనెంట్లన్నీ పెన్‌పాట్‌లో చేత్తో మళ్ళీ కడుతున్నాం, రోజుకి ఒకటి, ముందు బటన్లు, తర్వాత ఫారాలు. నడుస్తున్న ప్రోటోటైపులు ఒక్కొక్కటీ నొక్కుతూ స్క్రీన్ రికార్డు చేసి క్లయింట్లకి పంపుతున్నాం, లింకు పోయినా వాళ్ళ దగ్గర వీడియో ఉంటుంది.

నిద్రలేని_ఫ్రీలాన్సర్
కామెంట్లు దించారా? ఏ స్క్రీన్ ఎందుకు మార్చామో అన్నీ వాటిలోనే ఉంటాయి. నావి అలాగే పోయాయి.

సుజాత_యూఐ
లేదు. ఇప్పుడే తెరుస్తున్నా.