మాలి నేపథ్యంలో సైన్స్ ఫాంటసీ: వెలివేసిన మంత్రగాడి పగ

ఇసుకతుఫాను:
నవల మొదలుపెట్టాను. చోటు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం, కాలం ఇంకో మూడొందల ఏళ్ల తర్వాత. ఊరు వెలివేసిన కమ్మరి మంత్రగాడు పగ తీర్చుకోవడానికి తిరిగొస్తాడు. మంత్రానికీ యంత్రానికీ ముడి ఎలా వేయాలి? పేర్లు ఎలా పెట్టాలి? పగ తీరాక వాడేమవ్వాలి? ఇలాంటివి రాసినవాళ్లు చెప్పండి.

కొలిమిసెగ:
మాలి చుట్టుపక్కల ఉండే మాండే జాతుల కమ్మరుల గురించి ఏళ్ల తరబడి చదువుతున్నాను, కాబట్టి గట్టిగానే చెప్తున్నా. వాళ్లను నుము అంటారు. ఇనుము కరిగేటప్పుడు న్యామా అనే శక్తి చెలరేగుతుందని, దాన్ని అదుపు చేసే చేవ పుట్టుకతో నుములకే ఉంటుందని నమ్మకం. పొలానికి పార చేసేదీ వాళ్లే, కోమో అనే రహస్య సంఘానికి ముసుగు చెక్కేదీ వాళ్లే, పిల్లలకు సున్తీ చేసేదీ వాళ్లే. యంత్రమూ మంత్రమూ ఒకే కొలిమిలో ఉన్నాయి, మీరు కొత్తగా ముడి వేయక్కర్లేదు. అసలు చిక్కు వేరే. భయపడుతూనే ఊరంతా ఆధారపడే మనిషిని వెలేసేదెవరు? ముందు అది తేల్చండి.

నక్షత్రయాత్ర:
మాలి అంటూ అక్కడి డోగోన్ తెగవాళ్లను వదిలేస్తే ఎలా? సిరియస్ నక్షత్రం పక్కన కంటికి కనపడని ఇంకో నక్షత్రం ఉందని టెలిస్కోపు లేకుండానే చెప్పారు. మంత్రగాడి శక్తి అక్కడి నుంచి రావచ్చు.

కొలిమిసెగ:
మళ్లీ ఇదేనా! అది 1950లో గ్రియోల్, డీటెర్లెన్ అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్తలు రాసిన మాట. తర్వాత వాన్ బీక్ అనే మానవశాస్త్రవేత్త డోగోన్‌ల మధ్య ఏళ్లపాటు పనిచేసి, అలాంటి జ్ఞానం తనకెక్కడా కనపడలేదని 1991లో అచ్చువేశాడు. పైగా ఆ నక్షత్రాన్ని 1862లోనే టెలిస్కోపులో చూశారు. బయటివాళ్ల ద్వారా ఆ కబురు అక్కడికి చేరి ఉండొచ్చు.

నక్షత్రయాత్ర:
ఒకాయనకు చెప్పనంత మాత్రాన లేనట్టేనా? గురుముఖంగా నేర్చే విద్య పరాయివాడు అడగ్గానే చెప్తారా? గ్రియోల్ కూతురు కూడా డోగోన్ భాష మీద పనిచేసిన మనిషే. ఆవిడ వాన్ బీక్‌ను గట్టిగా ఖండించింది. అది మాత్రం ఎవరూ చెప్పరు.

నల్లరేగడి:
ఈ దారి చివరికి గ్రహాంతరవాసుల దగ్గరే ఆగుతుంది, అందుకే నాకు ఒళ్లు మండుతుంది. గ్రేట్ జింబాబ్వే రాతిగోడలు ఆఫ్రికన్లు కట్టలేదని వలస పాలకులు ఎన్నాళ్లు వాదించారు! 1929లో పురావస్తు శాస్త్రవేత్త కేటన్-థాంప్సన్ తవ్వి చూసి, అవి అక్కడివాళ్లు కట్టినవేనని చెప్పినా ఒప్పుకోలేదు. ఆఫ్రికన్ల తెలివి ఆకాశం నుంచి ఊడిపడాలా?

నక్షత్రయాత్ర:
గ్రహాంతరవాసులని నేనెక్కడన్నాను? అనని మాట అంటగట్టకండి.

పాలపిట్ట:
పేర్ల సంగతికి రండి. ఆఫ్రికా పేర్లకు నోరు తిరగట్లేదని ఒక పత్రిక నా కథ తిప్పి పంపింది. రష్యన్ నవలల్లో మూడేసి ముక్కల పేర్లు మన తాతల కాలం నుంచి చదువుతున్నాం, ‘కులిబాలి’కి నోరు తిరగదా? ఇప్పటికీ ఆ కోపం పోలేదు. మార్చకండి. కాంటే, ఫానే, బల్లో అంటే అక్కడ కమ్మరి ఇళ్ల పేర్లు. ఇంటిపేరు వినగానే ఊరివాళ్లకు మనిషి ఎవరో తెలిసిపోతుంది. మారుపేరుతో తిరిగొచ్చే మంత్రగాడికి అదే గండం.

రాత్రిబస్సు:
వెలి, పగ అంటే అందరూ మేమా రాజ్యంలో తలదాచుకున్న సుందియాటా పేరే చెప్తారు, మాలి సామ్రాజ్యం నిలబెట్టినవాడు. నా మనసు మాత్రం అతని చేతిలో ఓడిపోయిన సుమంగురు కాంటే దగ్గరే ఉండిపోయింది. సోసో అనే రాజ్యానికి రాజు, కమ్మరి, మంత్రగాడు. అతని గుట్టు లాగింది అతని ఇంట్లోనే ఉన్న నానా త్రిబాన్, సుందియాటా అక్క. 1235 ప్రాంతంలో కిరినా యుద్ధం. తెల్ల కోడిపుంజు కాలి ముల్లు కట్టిన బాణం ఒంటికి రాసుకుంటూ పోయిందంతే, శక్తి మొత్తం పోయింది. చచ్చిపోలేదు, కులికోరో కొండ గుహలో మాయమయ్యాడని ఒక కథనం. అతనిదని చెప్పే బాలాఫోన్ (చెక్కపలకల వాయిద్యం) గినీలోని నియాగసోలాలో ఇప్పటికీ ఉంది. ఈ కథ మనదాకా తెచ్చింది గెలిచినవాళ్ల గాయకులు. ఆ గుహలోంచి వాణ్ణి బయటికి రప్పించండి, అదే మీ నవల.

ఇసుకతుఫాను:
సుమంగురు వద్దు, నా మనిషి నాకు కావాలి. కోడిముల్లు లాంటిది మాత్రం కచ్చితంగా పెడతాను. వెలేసింది ఊరు కాదు, తోటి నుములే. ఈ మార్పు ఇప్పుడే రాసుకున్నా. పగ తీరాక సంగతి ఎవరూ చెప్పలేదు.

నక్షత్రయాత్ర:
సిరియస్ మీద వేరే చర్చ తెరిచాను. కొలిమిసెగ గారూ, అక్కడికి రండి, తేల్చుకుందాం.