‘ప్రార్థనకు పోతుండు’, ‘మారిండు’, ‘నమ్ముకున్నడు’: మూడూ ఒకటేనా?

ప్రశ్న (నాగర్‌కర్నూల్ సభ్యురాలు):
మా పక్కింటి దంపతుల గురించి వీధిలో ఒకరు ‘ప్రార్థనకు పోతున్నరు’ అంటారు, ఇంకొకరు ‘మారినరు’ అంటారు. పక్కింటావిడ మాత్రం ‘యేసయ్యను నమ్ముకున్నం’ అంటుంది. ఒకే సంగతికి మూడు పేర్లా, లేక తేడా ఉందా? బైబిల్లో ‘విశ్వాసముంచు’ అని కదా ఉండేది, మరి ఈ ‘నమ్ముకొను’ ఎక్కడిది?

జవాబు (కల్వకుర్తి సభ్యుడు):
తేడా ఉంది మేడం, చాలా ఉంది. నేను నలభై దాటినంక చర్చిలో చేరిన మనిషిని. ఈ మూడు మాటలూ నా గురించి అన్నవాళ్ళున్నారు కాబట్టి ఏది ఎవరి నోట వస్తుందో చెప్పగలను.

‘ప్రార్థనకు పోతుండు’ అన్నది రాకపోకల మాట. మనిషి లోపల ఏముందో అది చెప్పదు. మా ఇంట్లో ముందు పోయింది నా భార్య. మా అత్త మంచాన పడ్డప్పుడు చర్చి ఆడవాళ్ళు వారం వారం ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్ళు. అత్త బాగుకాలేదు, పోయింది. ఆ రాత్రి తెల్లారేదాకా శవం దగ్గర కూర్చున్నది వాళ్ళే, పొద్దున చాయ్ పెట్టి మా చుట్టాలకు పోసిందీ వాళ్ళే. ఆ తర్వాత మా ఆమె ఆదివారం పోవడం మొదలుపెట్టింది. నేను బండి మీద దింపి బయట చెట్టు కింద కూర్చునేవాణ్ణి. మైకులో అంతా వినపడుతుంది కదా. గడప తొక్కకముందే షాపుకొచ్చేవాళ్ళు ‘నువ్వు గూడ ప్రార్థనకు పోతున్నవంట’ అనేశారు. ఊరి లెక్కలో చెట్టు కింద కూర్చున్నా పోయినట్టే. ఈ మాటలో ఒక వీలుంది: పోయేవాడు మానుకోవచ్చు, ఎవరూ నిలదీయరు.

‘మారిండు’ బయటివాళ్ళ మాట. చర్చి లోపల తన గురించి తాను ‘నేను మారిన’ అనేవాళ్ళు తక్కువ. అన్నా ‘తాగుడు మానిన’ అనే అర్థంలోనే. ఊళ్ళో అనే ‘మారిండు’ దరఖాస్తులో గడి నింపే మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీ కులాల నుంచి వచ్చిన క్రైస్తవులను మన దగ్గర బీసీ-సి కింద లెక్కిస్తారు. అందుకే కొన్ని ఇళ్ళలో ఈ మాట వినపడితేనే టెన్షన్. అది వేరే చర్చ.

అసలు సంగతంతా ‘నమ్ముకొను’లో ఉంది. నాది మోటార్ వైండింగ్ షాపు. రోజూ వింటాను: ‘బోరును నమ్ముకొని రెండెకరాలు నాటేసినం అన్నా, మోటరు కాలింది, ఇయ్యాల్నే కట్టియ్యాలె.’ ‘బోరును నమ్మినం’ అని ఎవరూ అనరు. నమ్మడం అంటే ఒక మాట నిజమని ఒప్పుకోవడం. నమ్ముకోవడం అంటే బతుకును దాని మీద పెట్టడం. అది ఎండితే మనమూ ఎండుతాం. ‘గుంపు మేస్త్రీని నమ్ముకొని బొంబాయి పోయినం’ అని పాలమూరు వలస కూలీ అన్నాడంటే ఆ మేస్త్రీ మంచివాడని చెప్తున్నట్టు కాదు, పెళ్ళాం పిల్లలతో బస్సెక్కానని చెప్తున్నట్టు. ‘-కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే తగులుతుంది. వండుకొను, దాచుకొను, తెచ్చుకొను చూడండి. ఇక్కడ ఫలమే కాదు, నష్టమూ వాడిదే. నమ్మించి నట్టేట ముంచడం అన్న మాట కూడా ఇలా నమ్ముకున్నవాళ్ళ దగ్గర పుట్టిందే అయి ఉంటుంది.

‘మొక్కు’తో పక్కన పెట్టి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. మా నాన్న కురుమూర్తి సామికి మొక్కేవాడు, జహంగీర్ పీర్ల దర్గా దగ్గర కందూరు (మొక్కుకున్న మేకను కోసి పెట్టే విందు) కూడా చేశాడు. రెండూ ఒకే ఇంట్లో నడిచాయి, ఎవరికీ తకరారు లేదు. మొక్కు తీరుతుంది. కోడో, మేకో, తలనీలాలో ఇస్తే ఆ లెక్క ముగుస్తుంది, మనిషి తేలికపడి ఇంటికి పోతాడు. ఆ తేలికను నేను చిన్నచూపు చూడను, మా నాన్న ముఖంలో చూశాను. నమ్ముకోవడానికి మాత్రం ‘తీర్చుకోవడం’ లేదు. కష్టం తీరినంక కూడా పోతూనే ఉండాలి, అదీ అందరితో కలిసి. కొత్తగా చర్చిలో కూర్చున్న పెద్ద వయసు మనిషికి కష్టమైన సంగతి ఇదే. పాటలు రెండు నెలల్లో నోటికొస్తాయి.

ఇక ‘ఎక్కడిది’ అన్న ప్రశ్న. మా వైపు ఎక్కువగా ఉన్నవి ఎంబీ చర్చిలు, మెన్నోనైట్ బ్రెదరన్. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్గొండలో పని మొదలుపెట్టారు. 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ బ్రెదరన్ వాళ్ళూ వచ్చారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల, కల్వకుర్తి, ఇలా కేంద్రాలు పెరిగాయి. వీళ్ళ పద్ధతిలో చంటిపిల్లలకు బాప్తిస్మం లేదు. తెలివొచ్చినంక మనిషి తానే లేచి చెప్పాలి, తర్వాత నీళ్ళలో ముంచుతారు. అందుకే మా దగ్గర అయ్యగారి (పాస్టరు) కొడుకైనా ఒకరోజు అందరి ముందు నిలబడి చెప్పాల్సిందే. పుట్టుకతో వచ్చినవాడికీ నాలాంటి కొత్తవాడికీ వరస ఒకటే. అందరూ చెప్పాల్సి వచ్చే చోట ఇంటి మాట ఒకటి నిలబడాలి, అదే ‘నమ్ముకున్న’.

చెప్పడాన్ని ‘సాక్ష్యం’ అంటారు. అక్కడ చాలామంది నోరు పుస్తకమైపోతుంది. వారమంతా ‘ఏం జేస్తున్నవ్ రా’ అనేవాడు మైకు ముందుకు రాగానే ‘ప్రభువు నన్ను రక్షించి నడిపించుచున్నాడు’ అంటాడు. మా జట్టులో నా ముందు ఒక పెద్దమ్మ నిలబడింది, పత్తి ఏరే కూలీ. కొంగు చేతికి చుట్టుకొని, ‘నాకు సదువు రాదు. నా మొగడు పోయినకాడికెల్లి ఈయన్నే నమ్ముకున్న. ఇగ మీ ఇష్టం’ అని కూర్చుంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకేం అడగలేదు. నేను రాసుకుపోయిన కాగితం జేబులోంచి తీయలేదు.

ఆ తర్వాతి మాటలన్నీ ‘తీసుకోవడం’తోనే: బాప్తిస్మం తీసుకున్న, బల్ల (ప్రభువు బల్ల దగ్గరి రొట్టె, ద్రాక్షరసం) తీసుకున్న. పెద్దలు వరసగా కుడిచేయి కలిపి సంఘంలో చేర్చుకుంటారు. అప్పటికి ‘నమ్ముకున్న’ కాస్తా ‘నమ్ముకున్నం’ అవుతుంది. మా షాపులో నేను ఒక్కణ్ణే ఉన్నా ‘నమ్ముకున్నం అన్నా’ అనే అంటాను. అపొస్తలుల కార్యములు 16:31లో చెరసాల నాయకుడితో ‘నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు’ అంటారు కదా, మన వాడుకలో ఆ ఇల్లు క్రియ చివరి ‘-ం’లోనే ఇమిడిపోయింది.

నల్గొండ సభ్యురాలు:
మా కథోలికుల దగ్గర ‘నమ్ముకున్నం’ ఇంత వినపడదు సార్. నల్గొండ పీఠం (బిషప్ కింద ఉండే ప్రాంతం) 1976లో ఏర్పడింది, మా విచారణ (ఒక గుడి కిందికి వచ్చే సంఘం) మాటలే వేరు. మేము ‘బాప్తిస్మం’ అనము, ‘జ్ఞానస్నానం’ అంటాం. పసిపిల్లలకే ఇస్తారు. పెద్దయ్యాక వచ్చినవాళ్ళకు ముందు ఉపదేశం ఉంటుంది, ఈస్టర్ ముందు రాత్రి జాగరణ పూజలో జ్ఞానస్నానం ఇస్తారు. వాళ్ళను అడిగితే ‘నమ్ముకున్నం’ అని కాదు, ‘జ్ఞానస్నానం తీసుకున్నం’ అనే చెప్తారు.

కల్వకుర్తి సభ్యుడు:
మంచి సంగతి చెప్పారు. మీ దగ్గర సంస్కారం పేరు చెప్తే సరిపోతుంది, మా దగ్గర అది చాలదు. ‘నీళ్ళల్ల మునిగిండు గని నమ్ముకోలె’ అని మా పెద్దలు కొందరి గురించి అనడం విన్నాను. కటువైన మాటే, నాకు నచ్చదు. ఎవరు నమ్ముకున్నారో కొలిచే పని మనది కాదు. కానీ ఆ రెంటినీ వేరుచేసి చెప్పగల భాష మా దగ్గర ఉందని మాత్రం తెలుస్తుంది.

నాగర్‌కర్నూల్ సభ్యురాలు:
పొద్దున పక్కింటావిడను మళ్ళీ అడిగాను. ‘నేను నమ్ముకున్న, మా ఆయన ఇంకా పోతుండు’ అంది! నాకు మూడింట్లో రెండు అప్పుడే అర్థమయ్యాయి.

వనపర్తి సభ్యుడు (రిటైర్డ్ తెలుగు పండితుడు):
‘నమ్ముకొను’ బైబిల్లో లేదనుకోకండి. పాత నిబంధనలో ఉంది. కీర్తన 118:8: ‘మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు.’ ఇక్కడ మనిషిని నమ్ముకోవడం, దేవుణ్ణి ఆశ్రయించడం. కల్వకుర్తి మిత్రుడి వాదానికి ఇది ఎదురు తిరుగుతుంది.

కల్వకుర్తి సభ్యుడు:
తిరగదు సార్. యిర్మీయా 17:7 చూడండి, ‘యెహోవాను నమ్ముకొనువాడు ధన్యుడు.’ దానికి రెండు వాక్యాల ముందు ‘నరులను ఆశ్రయించి’ అని ఉంటుంది. అంటే అనువాదకులు రెండు మాటలనూ రెండు వైపులా వాడారు, ఒకటి దేవుడికీ ఒకటి మనిషికీ అని కట్టుబాటు పెట్టుకోలేదు. నిలబడ్డది ఏదో జనం తేల్చారు. కొత్త నిబంధన చదివేటప్పుడు ‘విశ్వాసముంచు’ అని చదువుతాం, ఇంటికొచ్చి ‘నమ్ముకున్నం’ అని చెప్పుకుంటాం. మరి ‘ఆశ్రయించు’ ఎందుకు నిలవలేదంటారా? మా షాపులో పేపర్ చదివేవాళ్ళ నోట ఇప్పుడు ఆ మాట భూమి తగాదాలప్పుడే వస్తుంది, ‘కోర్టును ఆశ్రయించిండు’ అని.

వనపర్తి సభ్యుడు:
‘శరణు’ సంగతేమిటి మరి? అయ్యప్ప మాల వేసినవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. చర్చి వాడుకలో అది తక్కువే కదా.

కల్వకుర్తి సభ్యుడు:
పాటల్లో ఉంది సార్, సాక్ష్యాల్లో లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పెద్దమ్మలు వస్తారు, చెవి పెట్టి విని చెప్తాను.