కీమోలో బరువు పెరుగుతున్న రొమ్ము క్యాన్సర్ పేషెంట్లకి ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పాలి?

ప్రశ్న: డేకేర్ సిస్టర్

ఏసీ (ఆడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపిన కీమో) నాలుగు సైకిళ్ళు, తర్వాత టాక్సేన్ (డోసిటాక్సెల్ లాంటి కీమో మందు) నాలుగు అయిన వాళ్ళ కార్డులు తిరగేస్తే మొదటి సైకిల్‌కీ ఎనిమిదో సైకిల్‌కీ మధ్య మూడు నాలుగు కిలోల పెరుగుదల చాలా కార్డుల్లో కనిపిస్తుంది. ప్రతిసారీ బరువు తీస్తాం గానీ అది డోసు లెక్కకే. ఆ అంకెలు పెరుగుతున్న వరస ఎవరూ చూడరు. డాక్టర్లు ‘ముందు ట్రీట్‌మెంట్ పూర్తి కానివ్వండి’ అంటారు. డైటీషియన్ దగ్గరికి చిక్కిపోయిన వాళ్ళనే పంపుతారు. జుట్టు పోయిన బాధలో ఉన్న మనిషికి ఇది కూడా చెప్పాలా అని నర్సులు ఊరుకుంటారు. నాకు కావలసినవి మూడు. ఎంత పెరిగితే పట్టించుకోవాలి? మందుల వల్ల పెరిగిందా, తిండి వల్లా, నీరు పట్టిందా అని ఎలా తేల్చాలి? నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు 1: మెడికల్ ఆంకాలజిస్ట్

సిస్టర్, ముందు నీరు కాదని తేల్చుకోవాలి, మిగతావన్నీ తర్వాత. కొవ్వు ఎప్పుడూ రెండు రోజుల్లో రెండు కిలోలు పెరగదు. మూడు నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి చూడండి. గుంట పడితే డాక్టర్‌కి చెప్పాల్సిందే. డోసిటాక్సెల్ సైకిళ్ళు గడిచేకొద్దీ ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆడ్రియామైసిన్ అయిపోయి ట్రాస్టుజుమాబ్ మీద ఉన్న వాళ్ళకి (రెండూ గుండెని బలహీనపరచగల మందులే) వాపుతో పాటు ఆయాసం, పడుకుంటే దగ్గు ఉంటే మూడు నెలలకోసారి తీసే ఎకో (గుండె స్కాన్) దాకా ఆగకూడదు, అప్పుడే తీయించాలి.

నీరు కాదనుకుంటే కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. డోసిటాక్సెల్‌కి ముందురోజు నుంచి మూడు రోజులు డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) 8 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తాం, అంటే సైకిల్‌కి 48 మిల్లీగ్రాములు. దానితో ఆకలి పెరుగుతుంది, నిద్ర పోతుంది. రెండో డోసు రాత్రికి కాకుండా మధ్యాహ్నానికి జరిపితే నిద్ర కొంత నిలబడుతుంది. వాంతులకిచ్చే ఓలాంజాపిన్ కూడా ఆకలి పెంచి మగతలో ఉంచుతుంది. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళ 2024 ట్రయల్‌లో 10 మిల్లీగ్రాములకి బదులు 2.5 ఇచ్చినా వాంతుల అదుపు తగ్గలేదు, మగత తగ్గింది. ఏసీకి మంచి యాంటీఎమెటిక్‌లు (వాంతులు ఆపే మందులు) తోడుంటే డెక్సా మొదటి రోజుతో ఆపవచ్చని గైడ్‌లైన్లే చెబుతున్నాయి. అయినా చాలాచోట్ల పాత ప్రోటోకాల్ కాగితం ప్రకారం నాలుగు రోజులూ రాసేస్తున్నారు. ఇది మార్చాల్సింది మేమే, పేషెంట్ కాదు. ఒక్క జాగ్రత్త: డోసిటాక్సెల్ ముందు డెక్సాని పేషెంట్ సొంతంగా మానేస్తే అలర్జీ రియాక్షన్ ప్రమాదం. ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇక నలభై దాటి ఇంకా నెలసరి వస్తున్న వాళ్ళు. కీమోతో వీళ్ళలో చాలామందికి అండాశయాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. మామూలుగా కొన్నేళ్ళు పట్టే మార్పు కొన్ని నెలల్లో జరిగిపోతుంది. అందుకే ఈ వయసు వాళ్ళే ఎక్కువ పెరుగుతారు.

ఎంత పెరిగితే అన్నారు. మొదటి బరువు మీద 5 శాతం దాటితే డైటీషియన్‌కి పంపండి. అరవై కిలోల మనిషికి అది మూడు కిలోలే. 10 శాతం దాటి పెరిగిన వాళ్ళలో మరణాల ముప్పు ఎక్కువని అధ్యయనాల్లో కనిపించింది, 5 నుంచి 10 మధ్య అంత స్పష్టంగా లేదు. కాబట్టి భయపెట్టే అంకెలు పేషెంట్ ముందు పెట్టకండి. బరువు పెరిగిందని డోసు తగ్గించడం మాత్రం తప్పు. డోసు అసలు బరువు మీదే కట్టాలి. 10 శాతం మారితే మళ్ళీ లెక్కించడం చాలా యూనిట్ల పద్ధతి, కొన్ని చోట్ల 5 శాతానికే చేస్తారు.

జవాబు 2: క్లినికల్ డైటీషియన్

సర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మూడు కిలోలు పెరిగారంటే మూడు కిలోల కొవ్వు వచ్చిందని కాదు. కండ తగ్గి, దాని చోట కూడా కొవ్వు చేరి ఉంటుంది. బరువు అస్సలు మారని మనిషిలో కూడా ఇది జరుగుతుంది. అందుకని నడుము కొలత కూడా రాయండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు హద్దు. బీఎంఐ కూడా 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క, 25 దాకా ఆగనక్కర్లేదు.

ఇంటి వంటగది దగ్గరికొస్తే, ‘కీమోలో మనిషి నీరసించిపోతుంది, బాగా పెట్టాలి’ అనే ప్రేమే ఎక్కువగా పనిచేస్తుంది. నలభై గ్రాముల సున్నుండ దాదాపు 180 కేలరీలు. పంచదార వెయ్యని దానిమ్మ రసం పెద్ద గ్లాసు 130 దాకా. ఇవి భోజనానికి బదులుగా రావు, భోజనం పైన వస్తాయి. రోజుకి 250 కేలరీలు అదనమైతే 21 రోజుల సైకిల్‌లో 5,250. కిలో కొవ్వుకి సుమారు 7,700 అనుకుంటే సైకిల్‌కి ముప్పావు కిలోకి కాస్త తక్కువ. ఎనిమిది సైకిళ్ళకి కూడుకోండి. వికారం తగ్గాలని గంటకోసారి బిస్కెట్, రస్క్ తినడం ఇంకోటి. వికారం తగ్గిన రోజుల్లోనూ ఆ అలవాటు ఆగదు.

కీమో నడుస్తుండగా బరువు తగ్గించే ప్రయత్నం వద్దు. ఉన్న బరువు నిలబెట్టడమే లక్ష్యం. అన్నం మానేయమని ఎప్పుడూ చెప్పకండి, మానేస్తే ముందు పోయేది కండే. మాంసకృత్తులు కిలో బరువుకి 1.2 గ్రాములైనా ఉండాలి, అంటే అరవై కిలోలకి 72 గ్రాములు. రెండు గుడ్లు 12, పాలు ఒక గ్లాసు 6, అరవై గ్రాముల కందిపప్పు 13, రెండు వందల గ్రాముల పెరుగు 7, డెబ్భై ఐదు గ్రాముల వండిన చికెన్ 20, రోజంతటి అన్నంలో పదకొండో పన్నెండో. దాదాపు సరిపోయింది. మాంసం తినని వాళ్ళకి పాతిక గ్రాముల ఎండు మీల్‌మేకర్ 13, యాభై గ్రాముల పనీర్ 9 ఇస్తాయి. పొద్దున నాలుగు ఇడ్లీలకి బదులు రెండు పెసరట్లు పెట్టినా తేడా తెలుస్తుంది. ఎముకల సూప్‌లో బలమంతా ఉందనుకుంటారు గానీ అందులో మాంసకృత్తులు తక్కువ, ముక్కలు తినాలి. తెల్లకణాలు తక్కువున్న రోజుల్లో రోడ్డు పక్క జ్యూసు, బయట కోసిన పళ్ళు అసలే వద్దు.

జవాబు 3: ఫిజియోథెరపిస్ట్

తిండితోనే కండ నిలవదు, దానికి పని చెప్పాలి. ‘రెస్ట్ తీసుకోండి’ అని డిశ్చార్జ్ కాగితం మీద రాసేస్తాం. ఎన్నాళ్ళో రాయం, ఇంట్లోవాళ్ళు ఆరు నెలలు మంచం దిగనివ్వరు. ఆ మాట రాసేవాళ్ళందరికీ నా విన్నపం: తేదీ కూడా రాయండి.

లక్ష్యం వారానికి మూడుసార్లు అరగంట నడక, రెండుసార్లు బలం పెంచే వ్యాయామం. ఏసీ ఎక్కిన తర్వాత మొదటి రెండు మూడు రోజులు అరగంట కుదరదు, పది నిమిషాల చొప్పున విడగొట్టండి. బలానికి అన్నిటికంటే సులువైంది చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఎనిమిది సార్లు, కాస్త ఆగి మళ్ళీ ఎనిమిది. మొదటి సైకిల్ రోజున ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో లెక్కపెట్టి కార్డు మీద బరువు పక్కనే రాయండి. నాలుగో సైకిల్‌కి ఆ అంకె పడిపోతే బరువు మారకపోయినా కండ పోతున్నట్టే అనుకోవాలి.

చంక గ్రంథులు తీసిన చేత్తో బరువెత్తితే వాస్తుందన్న భయం డాక్టర్లలోనూ ఉంది. 2009లో వచ్చిన ట్రయల్‌లో అప్పటికే చెయ్యి వాపు ఉన్న 141 మంది వారానికి రెండుసార్లు బరువులెత్తే గుంపులోనో, ఎత్తని గుంపులోనో ఉన్నారు. ఎత్తిన వాళ్ళకి వాపు పెరగలేదు. షరతు ఏమిటంటే ఆపరేషన్ దగ్గర పెట్టిన డ్రెయిన్ గొట్టం తీసి, సర్జన్ సరే అన్నాకే మొదలుపెట్టాలి. అర లీటరు నీళ్ళ సీసాతో మొదలు, అది అర కిలో. రెండు మూడు సార్లు చేసినా బరువుగా, బిగుతుగా అనిపించకపోతేనే కొంచెం పెంచాలి. వాపు ఉన్నవాళ్ళు చేతికి బిగుతు స్లీవ్ వేసుకునే చేయాలి. జ్వరం 100.4 దాటినా, హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువున్నా, కొత్తగా ఎముక నొప్పి వచ్చినా ఆ రోజు ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

జవాబు 4: ఆంకాలజీ నర్సింగ్ ఇన్‌ఛార్జ్

ఎలా చెప్పాలన్నారు కదా సిస్టర్. పెరిగాక చెబితే తప్పు పట్టినట్టే వినిపిస్తుంది. పెరగకముందు, మొదటి సైకిల్ కౌన్సెలింగ్‌లోనే చెప్పేయండి. ‘అమ్మా, ఈ మందులతో చాలామంది రెండు మూడు కిలోలు ఒళ్ళు చేస్తారు. మీరు ఎక్కువ తిన్నారని కాదు. మనం కనిపెట్టుకుని ఉందాం’ అంటే చాలు. ఇంట్లో వంట చేసేది అత్తగారో, అమ్మో, ఆడపడుచో, వాళ్ళని కూడా కూర్చోబెట్టండి. సున్నుండ తెచ్చిన చేతినే పెసరట్టు వేయమని అడగవచ్చు.

బరువు యంత్రం వరండాలో ఉంటుంది, చుట్టూ పదిమంది ఉంటారు. ‘మళ్ళీ రెండు కిలోలు పెరిగారే’ అని అక్కడ గట్టిగా అనకండి. ఆ ఒక్క మాటకి తర్వాత సైకిల్‌కి రావడానికే జంకుతారు. ఎప్పుడూ ఒకే యంత్రం మీద, చెప్పులు విప్పి, ఐవీ ఎక్కించకముందే తీయండి. సెలైన్ అర లీటరు లోపలికి వెళ్ళాక తీస్తే అర కిలో అబద్ధం చెబుతుంది.

డేకేర్ సిస్టర్:

మేడమ్, సర్, చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు. టామోక్సిఫెన్ (కీమో తర్వాత ఏళ్ళ తరబడి వాడే హార్మోన్ మాత్ర) వల్లే లావయ్యానని మందు మానేస్తామనే వాళ్ళకి ఏం చెప్పాలి? బరువు తగ్గే ఇంజెక్షన్లు అడుగుతున్నారు కూడా.

మెడికల్ ఆంకాలజిస్ట్:

టామోక్సిఫెన్‌నీ మందు లేని ఉత్తి మాత్రనీ పోల్చిన పెద్ద ట్రయల్స్‌లో రెండు గుంపులూ దాదాపు ఒకేలా పెరిగాయి. అలాంటిదే ఇంకో హార్మోన్ మాత్ర అనాస్ట్రోజోల్‌తోనూ అంతే. వయసు, ఆగిన నెలసరి, తగ్గిన కదలిక చేసిన పని మాత్ర నెత్తిన పడుతోంది. మానేస్తే బరువు తగ్గదు, జబ్బు తిరిగొచ్చే ముప్పు పెరుగుతుంది, అలాగే చెప్పండి. ఇతర మందుల చీటీ కూడా చూడండి. తిమ్మిర్లకి రాసిన ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, నిద్రకి రాసిన మిర్టాజాపిన్ బరువు పెంచుతాయి. మెడ కింది భాగంలో రేడియేషన్ తీసుకున్నవాళ్ళకీ, పెంబ్రోలిజుమాబ్ (ఇమ్యునోథెరపీ మందు) వాడినవాళ్ళకీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించండి.

ఇంజెక్షన్లు కీమో నడుస్తుండగా మొదలుపెట్టొద్దు. వాటికీ వికారమే, కీమోకీ వికారమే, పైగా కండ ఇంకా కరుగుతుంది. కీమో, రేడియేషన్ అయ్యాక అవసరమైతే ఎండోక్రైనాలజిస్ట్‌తో కలిసి నిర్ణయించవచ్చు. ఆన్‌లైన్‌లో కొనే సన్నబడే పొడులు, గ్రీన్ టీ సారం మాత్రలు ఏమైనా తింటున్నారా అని ప్రతి సైకిల్‌కీ పేరుపెట్టి అడగండి. వాటివల్ల లివర్ ఎంజైములు పెరిగితే కీమోనే వాయిదా పడుతుంది.